కొలిచే రోజు కూర్చున్న అలుగు

అనగనగా ఒక అడవిలో, కార్తీక శుద్ధ ద్వాదశి గురువారం నాడు, పొద్దు గూకడానికి ఇంకా రెండు గడియలు ఉందనగా, కోటిలింగం అనే ముసలి అలుగు ఉసిరి కొమ్మ కోసం ఇంట్లోంచి బయల్దేరాడు.

అలుగంటే తెలుసుగా పిల్లలూ? ఒంటి నిండా పెంకులు ఉంటాయి. పళ్ళు ఉండవు. పాపం, భయమేస్తే అరవదు, కరవదు, పరిగెత్తదు. బంతిలా ముడుచుకుపోతుంది. అంతే, దానికి తెలిసిన విద్య అదొక్కటే.

ఆ రోజు క్షీరాబ్ది ద్వాదశి. తులసమ్మ పక్కన ఉసిరి కొమ్మ గుచ్చి దీపం పెట్టాలి. కోటిలింగం భార్య మంగతాయి పెళ్ళైన నాటి నుంచి ఆ పూజ ఒక్క ఏడు కూడా తప్పించలేదు.

"ఏవండీ, చీకటి పడకుండా వచ్చెయ్యండి. అసలే మీకు చూపానదు," అంది మంగతాయి.

"చెట్టు గాదె వెనకాలేగా! నువ్వు ప్రమిదలో ఒత్తి వేసేలోపు ఇక్కడుంటాను," అన్నాడు కోటిలింగం.

ఆ గాదె అడవి మొత్తానికీ ఉమ్మడి గాదె. పంట చేతికొస్తే తలా ఇంత తెచ్చి అందులో పోస్తారు. తరవాత ఒక రోజు చూసి, గంపలు నింపి, అందరి పనీ చేసేవాళ్ళకి పంచుతారు. బడి చెప్పే గువ్వకి కొన్ని గంపలు. వాగు గట్టు పోసే ఎలుగుబంట్లకి కొన్ని. మందుల గుడిసెకి ఒకటి. కావలి కాసే రేచుకుక్కలకి ఇరవై. కుక్కలు గింజలు తింటాయా అని అడక్కండి. ఈ కథలో సంకటి వండుకుని తింటాయి.

కోటిలింగం ఉసిరి కొమ్మ విరిచి నోట పట్టుకుని వస్తున్నాడు. గాదె మూల తిరిగేసరికి నలుగురు కావలివాళ్ళు ఎదురయ్యారు.

"ఎవర్రా అది? నోట్లో ఏంటి?" అని గద్దించాడు ఒకడు.

నోట్లో కొమ్మ ఉంటే మాట ఎలా వస్తుంది? కోటిలింగానికి భయమేసింది. గబుక్కున ముడుచుకుపోయాడు.

"అడుగుతుంటే పలకడే! ఏదో దాస్తున్నాడు!" అన్నాడు రెండోవాడు.

"ఎదురు తిరుగుతున్నాడు!" అన్నాడు మూడోవాడు. అని కాలితో ఒక్క తోపు తోశాడు.

అక్కడ దారి వాలుగా ఉంది. బంతిలా ముడుచుకున్న కోటిలింగం దొర్లుకుంటూ దొర్లుకుంటూ పోయి వాగులో రాళ్ళ మీద పడ్డాడు. పడిపోవాలని తోయలేదని తరవాత చెప్పారు. నిజమే కావచ్చు. కానీ తోయకపోతే దొర్లేవాడు కాదు కదా.

ఆయన్ని ఇంటికి మోసుకొచ్చింది పక్కింటి ఏదుపంది సత్తెమ్మ. అప్పటికి కూడా ఆ ఉసిరి కొమ్మ నోట్లోనే ఉంది. మంగతాయి ముందు ఆ కొమ్మ తీసి తులసమ్మ దగ్గర గుచ్చింది. తరవాత మొగుడి పక్కన కూలబడి ఏడ్చింది.

మర్నాడు మందుల గుడిసెలో ఉండే కొండముచ్చు నూకాలమ్మవ్వ వచ్చి కాలు పట్టి చూసింది.

"వెనక కాలి ఎముక. నలభై రోజులు, పూటపూటా, వేర్లు వేసి కాచిన నువ్వుల నూనె పట్టించాలి. తొలకరి పడేలోపు అయిపోవాలి. ఆ తరవాత ఎముక బిగిసిపోతుంది. ఇంక ఆయన లేచి నడవడు," అంది.

"అయితే ఈ రోజే మొదలుపెట్టవ్వా."

"దేంతో పెట్టను తల్లీ? పంట పంటకి నాకొచ్చేది ఒక్క గంప. అందులో నువ్వులు దోసెడు. ఆ దోసెడూ దసరాకే అయిపోయాయి. ఈ అడవంతటి కాళ్ళూ నడుములూ ఆ ఒక్క గంపలోంచే బాగుపడాలి మరి."

ఈ మాట వింటున్న సత్తెమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళకి ఇరవై గంపలా, అతికేవాళ్ళకి ఒకటా? పద వదినా, గాదె దగ్గరికి పోయి అడుగుదాం!"

"నెమ్మదిగా అడిగితే..."

"నెమ్మదిగా నువ్వడుగు. మెత్తగా ఉండటం నా ఒంట్లోనే లేదు!"

మొదటి రోజు గాదె ముందు పదిమంది కూర్చున్నారు. కావలివాళ్ళు చూసి నవ్వి ఊరుకున్నారు.

రెండోసారి వందమంది వచ్చారు. గాదె పెద్ద దంతయ్య అనే ఏనుగు కిటికీలోంచి తొండం బయట పెట్టి, వాసన చూసి, మళ్ళీ లోపలికి లాక్కున్నాడు.

మూడోసారి అడవికి అడవే కదిలి వచ్చింది. దుప్పులొచ్చాయి, అడవి పందులొచ్చాయి, కోతులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చాయి. మంగతాయి ఎప్పుడూ చూడని ముఖాలు కూడా, "మా పెదనాన్నని ఇలాగే కొట్టారమ్మా," "మా తమ్ముడికి ఇలాగే అయిందమ్మా," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాయి. ఇన్నాళ్ళూ తన ఇంటి కష్టం అనుకున్నది ఇంతమంది ఇళ్ళలో ఉందా అని ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

"కావలి గంప తగ్గించు! మందుల గంప పెంచు!" అని అరుపులు మిన్నంటాయి. ఆ తొక్కిసలాటలో గాదె పక్కనున్న కుందేళ్ళ బొరియలు రెండు కూలిపోయాయి. ఆ గోలలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

దంతయ్య బయటికి వచ్చాడు. చెవులు ఆడించాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ బాధ నాకు తెలియనిదా? మంగతాయమ్మ కన్నీళ్ళ సాక్షిగా మాటిస్తున్నాను. ఈసారి కావలి వరసలోంచి ఐదు గంపలు తీసేస్తాం. మందుల గుడిసె సంగతి మేం చూసుకుంటాం."

అబ్బ, ఏం చెప్పమంటారు! కోతులు పిల్లిమొగ్గలు వేశాయి. సత్తెమ్మ మంగతాయిని కావలించుకోబోయింది. "వద్దు వదినా, దూరం నుంచే సంతోషించు," అంది మంగతాయి. అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకి వెళ్ళిపోయారు.

కానీ పిల్లలూ, ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. గాదె ముందు ఎవరు ఏ మాటిచ్చినా, అది గింజలు కొలిచే రోజున గంపలోకి ఎక్కాలి. అప్పటిదాకా అది ఉత్త మాటే. కొలిచేటప్పుడు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఎవరైనా అడగవచ్చు. తలుపు బార్లా తీసే ఉంచుతారు. కానీ ఎవరూ రారు. కార్తీకం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమి నాడే కొలత. ఆ రోజు తెల్లారకుండానే ఆడవాళ్ళంతా వాగులో అరటి దొప్పల మీద దీపాలు వదులుతారు. నెల్లాళ్ళు ఒక్కపొద్దులు ఉన్నవాళ్ళు ఆ పూట కడుపునిండా తిని పడుకుంటారు. పైగా పొద్దస్తమానం కొలతగాడు పందికొక్కు ఒకటికి బదులు లాభమంటూ "లాభం... రెండు... మూడు..." అని సాగదీస్తుంటే కూర్చుని వినే ఓపిక ఎవరికుంటుంది?

మంగతాయి కూడా వెళ్ళలేదు. తన మొర విన్నందుకు దేవుడికి ముప్ఫై ఒత్తుల దీపం వదిలి, వాగు నీళ్ళల్లో అది వెళుతున్నంత దూరం చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చి మొగుడికి చీమల గుడ్ల జావ కాచి పోసింది.

"ఇంకెంత, రేపో ఎల్లుండో అవ్వ నూనె పట్టుకొస్తుంది," అని చెప్పింది.

రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది. అవ్వ రాలేదు. వారం చూసి మంగతాయే మందుల గుడిసెకి వెళ్ళింది.

తలుపుకి తడిక కట్టేసి ఉంది. గుమ్మం ముందు ఒక రేచుకుక్క ముందు కాలు ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు. గాదె ముందు కూర్చున్న రోజుల్లో సత్తెమ్మ వాణ్ణి చూపించింది, అందుకే చూడగానే గుర్తుపట్టింది. ఆ నలుగురిలో కోటిలింగాన్ని తోసినవాడే. పేరు బైరాగి.

మంగతాయికి భయమేసింది. ముడుచుకుపోదామనుకుంది. కానీ వాడి పాదం వాచి గుమ్మడిపండంత ఉంది.

"అవ్వ లేదమ్మా. వేర్లకోసం అడవంతా తిరుగుతోందట. ఈసారీ వచ్చింది ఒక్క గంపే, అందులో నువ్వులే లేవు, అదీ అయిపోయింది. గుడిసెలో గింజ లేదు, నూనె చుక్క లేదు," అన్నాడు బైరాగి తల ఎత్తకుండా.

"అదేంటి? ఐదు గంపలు ఇచ్చారుగా!"

"ఎవరికి?"

"గుడిసెకి. దంతయ్యగారు అందరి ముందూ మాటిచ్చారు."

బైరాగి చెవులు వాల్చాడు.

"కొలిచే రోజు మీరెవరూ రాలేదేమ్మా?" అని అడిగాడు. "మా దండు నాయకుడు మమ్మల్ని కోడి కూయకముందే తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు. కుందేళ్ళు వచ్చాయి. ఆ గుంపు మళ్ళీ వస్తే మా పిల్లలు బతకరు, కావలి పెంచండి అని ఏడ్చాయి. దంతయ్యగారు మా వరసలోంచి ఐదు గంపలు తీశారు, నిజమే. తీసి పక్కన కొత్త వరసలో పెట్టి, ఇంకో మూడు కలిపారు. దానికి 'అందరి క్షేమం' అని పేరు పెట్టారు."

"ఆ వరస ఎవరిది?"

"మాదేనమ్మా. మొత్తం ఇరవై మూడు."

మంగతాయి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పోనీ మీరన్నా కడుపునిండా తింటున్నారా?" అంది చివరికి.

"మాకేం వచ్చిందమ్మా! ఆ గింజలిచ్చి కొత్తగా పది కుక్కల్ని తెచ్చారు, ముళ్ళకంచె వేయించారు. ఆ కంచె చుట్టూ మూడు పూటలా తిరుగుతున్నాం. ఆ ముల్లే ఇది," అని పాదం చూపించాడు.

మంగతాయి ముందుకి జరిగి, వాడి పాదం ఒళ్ళో పెట్టుకుని, చీమల పుట్టలు తవ్వే పొడుగాటి గోళ్ళతో మెల్లగా ముల్లు లాగేసింది. బైరాగి కుయ్యిమన్నాడు. ముల్లుకి కాదు.

"ఆ రోజు... ముడుచుకుంటే ఎదురు తిరిగినట్టే అనుకున్నానమ్మా. భయమేస్తే మీరు అలా ముడుచుకుంటారని మాకెవరూ చెప్పలేదు."

"అడగాల్సింది నాయనా," అంది మంగతాయి. ఆ మాట మెత్తగానే అంది. బైరాగి తల ఇంకా కిందికి వంగింది.

సంగతి విన్న సత్తెమ్మ గలగలమని ముళ్ళు ఆడించింది.

"మోసం! మళ్ళీ గుంపు కడదాం వదినా. ఈసారి ఆ గాదె తలుపే పీకి పారేద్దాం!"

మంగతాయి ఆ రోజంతా తులసికోట దగ్గర కూర్చుని ఆలోచించింది. సాయంత్రం దీపం పెట్టాక చెప్పింది.

"తలుపు పీకక్కర్లేదు వదినా, అది తెరిచే ఉంది. మనమే వెళ్ళలేదు. గుంపు కట్టడం తప్పు కాదు. అంతమంది రాకపోతే దంతయ్యగారి నోట ఆ మాటే వచ్చేది కాదు. కానీ మాట తీసుకుని మనం ఇంటికొచ్చేశాం. గింజ గాదెలోనే ఉండిపోయింది. దేవుడు ఇవ్వలేదనడానికి లేదు. పట్టుకోవడానికి మనం గంప తీసుకెళ్ళలేదు."

"ఇంకో పంట కొలత ఉగాది వెళ్ళిన మూడోనాడు. అప్పటిదాకా అన్నయ్య కాలు?"

"తొలకరికి ఇంకా టైముంది. ఆ కొలత కూడా వదిలేశామా, ఇంక ఆయన మంచానికే."

ఆ మధ్యలో మంగతాయి ఒక పని చేసింది. పొద్దున్నే కుందేళ్ళ వాడకి వెళ్ళింది. కూలిన బొరియలు రెండూ తన గోళ్ళతో మళ్ళీ తవ్వి, లోపల ఎండుగడ్డి పరిచింది. మూడు రోజులు పట్టింది. మొదటి రోజు కుందేలమ్మ గౌరి తలుపు చాటు నుంచే చూసింది. రెండో రోజు మంచినీళ్ళు ఇచ్చింది. మూడో రోజు ఏడ్చింది.

"మీ గుంపుకి భయపడి కావలి పెంచమని మేమే అడిగాం పిన్నీ. మీకు ఇంత అన్యాయం అవుతుందనుకోలేదు."

"మీ భయం మీది తల్లీ. మేం మీ ఇల్లు తొక్కాం కదా," అంది మంగతాయి.

ఉగాది వెళ్ళింది. మూడోనాడు పొద్దున్నే మంగతాయి గాదె దగ్గరికి నడిచింది. వెంట పన్నెండుమంది వచ్చారు. పందికొక్కు కొలత మొదలుపెట్టాడు.

"లాభం... రెండు... మూడు..."

ఎండ ఎక్కింది. కోతులకి ఆవలింతలు వచ్చాయి. "ఇప్పుడే వస్తాం," అని వెళ్ళి ఇంక రాలేదు. దుప్పికి నీళ్ళ వేళయింది. మధ్యాహ్నానికి ముగ్గురు మిగిలారు. మంగతాయి, సత్తెమ్మ, కుందేలమ్మ గౌరి. మంగతాయికి చదువు రాదు. అందుకని ఒక్కో గంపకి తన తోక మీద ఒక్కో పెంకు మీద వేలు పెట్టుకుంటూ లెక్క తప్పకుండా కూర్చుంది.

కావలి వరసలో పదిహేను నిండాయి. పందికొక్కు మెల్లగా పక్క వరసకి జరిగాడు.

"బాబూ, ఆ వరస ఎవరిది?" అని అడిగింది మంగతాయి.

పందికొక్కు ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళలో కొలత మధ్యలో ఒక్క ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు మరి.

"ఇది అందరి క్షేమం వరసమ్మా," అన్నాడు.

"మంచిది నాయనా. అందరి క్షేమమైతే, అది తినేదెవరు?"

పందికొక్కు దంతయ్య వంక చూశాడు. దంతయ్య కప్పు వంక చూశాడు.

"తినేదెవరని కాదమ్మా, అది క్షేమం..."

"అదే బాబూ, మూడోసారి అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ముసలిదాన్ని. తినేదెవరు?"

పందికొక్కు చేతిలో గంప కింద పెట్టేశాడు. ముందు వరసలో కూర్చున్న దండు నాయకుడు గుర్రుమన్నాడు. అప్పుడు వాడి వెనక నుంచి బైరాగి లేచి నిలబడ్డాడు.

"మేమే తింటున్నామండీ," అన్నాడు.

"కూర్చోరా!" అన్నాడు నాయకుడు.

"కూర్చుంటానండీ. ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. మా కాళ్ళల్లో ముళ్ళు దిగినా, మా పిల్లలకి జ్వరమొచ్చినా మేం వెళ్ళేది కూడా ఆ మందుల గుడిసెకేనండీ. అది మూసి ఉంటే కావలి కాసేవాడే కుంటుతున్నాడు. కుంటి కావలి ఎవరికి క్షేమం?"

కుందేలమ్మ గౌరి కూడా లేచింది. చెవులు వణుకుతున్నాయి. అయినా నిలబడింది.

"కావలి పెంచమన్నది మేమే. మా ఇళ్ళు కట్టిచ్చింది మాత్రం ఈవిడ. మాకిప్పుడు భయం లేదండీ."

దంతయ్య చాలాసేపు తొండం నేల మీద రాస్తూ ఉండిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు పిల్లలూ. ఆ రోజు అంత గుంపుని చూసి భయపడ్డాడు. ఆ భయానికే గంపలు కట్టబెట్టాడు. పెద్దవాళ్ళకి కూడా భయం వేస్తుంది. కాకపోతే ఒప్పుకోరు.

"అన్నీ ఒకేసారి తియ్యలేనమ్మా," అన్నాడు చివరికి. "కొత్తగా వచ్చిన కుక్కలకి పిల్లలున్నారు. మూడు గంపలు ఇస్తాను. నువ్వులు నిండుగా పోయిస్తాను."

"ఐదన్నారుగా!" అని సత్తెమ్మ లేవబోయింది. మంగతాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

"మూడూ ఇప్పుడే, మా కళ్ళముందే నింపించండి బాబూ. మిగిలిన రెండూ కార్తీకం కొలతకి వచ్చి అడుగుతాం."

పందికొక్కు మూడు గంపలు మందుల గుడిసె వరసలో పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. మూడోది అంచు దాకా నిండి గింజ కింద రాలేదాకా మంగతాయి అక్కడి నుంచి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరే తొందరలో ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. మంగతాయి స్నానం చేసి, తులసమ్మకి నీళ్ళు పోసి, దణ్ణం పెట్టుకుని, మొగుణ్ణి వీపు మీదకి ఎక్కించుకుంది. సత్తెమ్మ ముందు నడుస్తూ దారిలో కొమ్మలు పక్కకి తప్పించింది. వెళ్ళేసరికి గుడిసెలోంచి నువ్వుల నూనె కాగుతున్న వాసన వస్తోంది. గుమ్మం ముందు వరస కట్టి ఉన్నారు. దగ్గుతున్న గువ్వపిల్ల, నడుము పట్టిన ఎలుగుబంటి, కంచె ముల్లు గుచ్చుకున్న కొత్త కుక్కలు ఇద్దరు. మంగతాయి అందరికన్నా వెనక నిలబడి మొగుణ్ణి నీడలో దింపింది.

"నీవల్లే తలుపు తెరిచారుగా. కాస్త ముందుకి వెళ్ళకూడదూ?" అని గొణిగాడు కోటిలింగం.

"మన వంతు మనకొస్తుంది లెండి," అని ఆయన కాలి మీద ఈగ తోలింది మంగతాయి.

ఎలుగుబంటి లోపలికి వెళ్ళాడు. వరస ఒక అడుగు ముందుకి జరిగింది.

"మంగతాయీ, కార్తీకం కొలతకి నేనూ వస్తానే. ఎంతసేపైనా కూర్చుంటాను," అన్నాడు కోటిలింగం.

"కూర్చోవడానికేం గానీ, నడిచి రండి," అంది ఆవిడ.

నీతి: పదిమంది గొంతు కలిపితే మాట వస్తుంది. పంపకం జరిగే చోట ఓపికగా కూర్చుని అడిగితేనే ఆ మాట మన గంపలోకి వస్తుంది.